రసీదు లేకపోయినా ఫర్వాలేదు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన నెల మీ పత్రికలో ప్లస్ టూ, ఇంటర్ పూర్తయిన పిల్లల కోసం రెండు పేజీలు ప్రత్యేకంగా వేశారు. ఇంజనీరింగులో ఏ బ్రాంచి మేలో, సి.ఎ.కి ఎలా వెళ్లాలో, నీట్‌లో సీటు రానివాళ్లకి ఇంకా ఏ దారులున్నాయో వివరంగా రాశారు. మా చెల్లెలి కొడుకు ఈ ఏడే పరీక్షలు రాశాడు కాబట్టి ఆ పేజీలు వాడికోసం దాచాను. రెండో పేజీలో కింద మూలన ఫోటోగ్రఫీ గురించి మూడు లైన్లున్నాయి. సరదా ఉన్నవాళ్లు ఆరు నెలల కోర్సు చేస్తే చాలట, ఇప్పుడు ఫోన్లోనే అన్నీ వచ్చేస్తున్నాయి కనుక దానికోసం డిగ్రీ చదవనక్కర్లేదట. వీడియో ఆర్ట్ అన్న మాటే ఎక్కడా లేదు. ఆ మూడు లైన్ల గురించే ఈ ఉత్తరం. నలభై ఆరేళ్లుగా ఫోటోల మీదే బతుకుతున్నవాణ్ణి. పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. సినిమా కంపెనీలన్నీ మద్రాసులోనే ఉన్న రోజుల్లో మా నాన్నగారు ఇక్కడికొచ్చి ఒక స్టిల్ ఫోటోగ్రాఫర్ దగ్గర అసిస్టెంటుగా చేరారు. నేను పదో తరగతితో చదువు ఆపేసి 1979లో వడపళనిలో ఒక స్టూడియోలో పనికి కుదిరాను. మొదటి ఆరు నెలలూ నా పని ట్రేలు కడగడం, ఐసు తేవడం. ఐసు ఎందుకని ఇప్పటి పిల్లలు అడుగుతారు. ఫిల్ము కడిగే మందు ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో మద్రాసు కుళాయి నీళ్లు ముప్పై దాటి ఉంటాయి. ఆ వేడికి ఫిల్ము మీదున్న జిలాటిన్ పొర మెత్తబడి, అంచుల దగ్గర కుచ్చులు కుచ్చులుగా లేచిపోతుంది. పెళ్లి ఫోటో అయితే పెళ్లంతా లేచిపోయినట్టే. ఐసు ముక్క నేరుగా మందులో వేస్తే మందు పల్చబడుతుంది. అందుకని మందు ట్రేని ఇంకో పెద్ద ట్రేలో పెట్టి, దాని చుట్టూ ఐసు పోసేవాళ్లం. ఆ చీకటి గదిలో వేలితో మందుని తాకి ఇరవయ్యో ఇరవై రెండో చెప్పగలిగేదాకా మా గురువుగారు నన్ను కెమెరా ముట్టుకోనివ్వలేదు.

తర్వాత నాకు పెన్సిల్ పని నేర్పారు, అదే రీటచింగ్. వాలుగా ఉన్న డెస్కులో ఒక చిన్న కిటికీ ఉంటుంది, దాని వెనక అద్దం పెట్టి వెలుతురు రప్పిస్తారు. ఆ కిటికీ మీద నెగటివ్ పెట్టి, జిడ్డు మందు పల్చగా రాసి, సూదిలా చెక్కిన టూ హెచ్ అనే గట్టి పెన్సిల్‌తో భూతద్దంలో చూస్తూ చుక్కలు పెట్టాలి. నెగటివ్‌లో నలుపు ఎక్కిన చోట ప్రింటులో తెలుపు వస్తుంది కాబట్టి, కళ్ల కింద గుంటలూ మొటిమల మచ్చలూ పెన్సిల్‌తో పూడ్చేయొచ్చు. మనిషి రంగునే ఒక మెట్టు తగ్గించవచ్చు. ఆ పనిలో నాకు మంచి పేరుండేది. సాలిగ్రామం, కోడంబాక్కం, వడపళని చుట్టుపక్కల ఉన్న మన జూనియర్ ఆర్టిస్టులు, డాన్సర్లు కంపెనీల్లో చూపించుకునే ఆల్బంల కోసం నా దగ్గరికే వచ్చేవాళ్లు. ఈ పెన్సిల్ సంగతి మళ్లీ వస్తుంది, అందుకే ఇంతగా చెప్పాను.

మా అమ్మాయికి ప్లస్ టూలో మార్కులు బాగానే వచ్చాయి. ఫోటోగ్రఫీలో డిగ్రీ చేస్తానంది. గుంటూరులో ఉన్న మా బావమరిది ఫోన్ చేసి, "ఫోటోలు తియ్యడానికి నాలుగేళ్ల చదువెందుకు బావా, మంచి ఫోన్ ఒకటి కొనిస్తే పోలా? పైగా నువ్వే ఇంట్లో ఉన్నావు కదా" అన్నాడు. నిజం చెప్పాలంటే నా మనసులోనూ అదే ఉంది. ఎపర్చరు, షట్టరు, లైటింగు రెండు నెలల్లో నేర్పేయగలను, నేర్పాను కూడా. ఒక రాత్రి అన్నం తింటూ మా అమ్మాయి అంది: "నువ్వు చెప్పేదంతా కస్టమర్‌కి నచ్చేలా తియ్యడం నాన్నా. కస్టమర్ లేకపోతే ఏం తియ్యాలో నాకు తెలీడంలేదు." నాకూ తెలియదు. కస్టమర్ లేకుండా నేను ఎప్పుడూ ఫోటో తీసినవాణ్ణి కాదు.

మొదట చేర్చిన కాలేజీ పేరు రాయను. ఊరి శివార్లలో ఉంది, ఏడాదికి లక్షా ఎనభై వేలు ఫీజు. బ్రోచరులో ఎర్ర లైటు కింద పిల్లలు ప్రింటు కడుగుతున్న బొమ్మ ఉంది, అది చూసే నేను మెత్తబడ్డాను. చేరాక తెలిసింది, డార్క్‌రూమ్ అని బోర్డున్న గదిలో విరిగిన కుర్చీలు పేర్చి తాళం వేశారు. 46 మంది పిల్లలకి రెండు కెమెరాలు. వారమంతా కంప్యూటర్ ముందు కూచోబెట్టి సాఫ్ట్‌వేర్ బటన్లు నేర్పేవాళ్లు. పిల్ల తీసిన ఫోటోల మీద ఏడాదిలో ఒక్కరైనా పది నిమిషాలు మాట్లాడలేదు. మీరు రాసిన ఆరు నెలల కోర్సునే మూడేళ్లకి సాగదీసినట్టుంది. అలాంటి చోటికైతే మీ మాటే ఖాయం, డిగ్రీ అక్కర్లేదు. కట్టిన ఫీజు పోయిందనుకుని ఏడాదికే మాన్పించాను. ఆ డబ్బు తేవడానికి రెండు సీజన్లు పెళ్లిళ్లు చేశాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇంకో కాలేజీలో మళ్లీ మొదటి ఏడాదిలో చేరింది. చేరేముందు 15 ఫోటోలు తీసుకుని రమ్మన్నారు, ఇంటర్వ్యూలో వాటి గురించే గంటసేపు అడిగారు. నేను బయట బెంచీ మీద కూచున్నాను. గోడలకి పిల్లల ప్రింట్లు గుండుసూదులతో గుచ్చి ఉన్నాయి, ఫ్రేములూ అలంకారాలూ ఏమీ లేవు. పక్క గదిలోంచి హైపో వాసన వచ్చింది, ఫోటో చెరిగిపోకుండా నిలబెట్టే మందు అది. నా స్టూడియోలో డార్క్‌రూమ్ 2008లోనే తీసేశాను. దాదాపు పదిహేనేళ్ల తర్వాత ఆ వాసన తగిలేసరికి గొంతు పట్టేసినట్టయింది.

ఈ చదువు మన దగ్గర కొత్తగా వచ్చిన విలాసమని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఇప్పుడు ఎగ్మోర్‌లో ఉన్న ప్రభుత్వ లలిత కళల కాలేజీని అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు 1850లో మొదలుపెట్టారు, ఆ 1850ల్లోనే అక్కడ ఫోటోగ్రఫీ నేర్పడం మొదలైంది. అదే రోజుల్లో మద్రాసు ప్రభుత్వం లిన్నియస్ ట్రైప్ అనే సైనికాధికారిని ప్రభుత్వ ఫోటోగ్రాఫరుగా పెట్టుకుంది. ఆయన తంజావూరు పెద్ద గుడి పీఠం చుట్టూ ఉన్న శాసనాలని ముక్కలు ముక్కలుగా తీసి, 21 ప్రింట్లు పక్కపక్కన అతికించి, సుమారు 19 అడుగుల పొడుగున ఒకే బొమ్మగా చేశారు. మా అమ్మాయి దాన్ని కంప్యూటర్‌లో పక్కకి జరుపుతూ చూపించింది. ప్రతి ముక్కకీ కెమెరా ఒకే ఎత్తులో, గోడకి ఒకే దూరంలో ఉండాలి, వెలుతురు మారకుండా చూసుకోవాలి. ఆ కాలంలో, ఆ ఎండలో! పని తెలిసినవాడికి అది ఎంత కష్టమో వెంటనే అర్థమవుతుంది. శాసనం చదవడానికి వీలుగా తియ్యాలి అన్న ఒక్క ఉద్దేశం ఆయన్ని అన్ని అడుగులు నడిపించింది. ఉద్దేశాన్ని బట్టి కెమెరా ఎక్కడ నిలబడాలో తేలుతుందని ఆ బొమ్మ చూశాకే నాకు సరిగ్గా తెలిసింది.

ఇంకా దగ్గరికొస్తే, బెంగళూరులో 1943లో పెట్టిన ఎస్.జె. పాలిటెక్నిక్‌లో సినిమాటోగ్రఫీ చెప్పేవాళ్లు. గురుదత్ సినిమాలకి కెమెరా పట్టిన వి.కె.మూర్తి గారు 1946లో అక్కడే చదువు పూర్తి చేశారు, తర్వాత దర్శకుడైన గోవింద్ నిహలానీ కూడా ఆ పాలిటెక్నిక్ విద్యార్థే. 2008 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు మూర్తి గారికి ఇచ్చారు, ఆ అవార్డు అందుకున్న మొదటి కెమెరామన్ ఆయనే. మన చెన్నై తరమణి ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో కెమెరామన్లు పి.సి.శ్రీరామ్, రాజీవ్ మీనన్ చదివారు. ఇవన్నీ సర్కారు బడులు. అప్పట్లో కెమెరాకి చదువు కావాలని ప్రభుత్వానికే తోచింది.

రాజా దీన్‌దయాళ్ ఏ కాలేజీలో చదివాడని అడిగారొకరు. నిజమే, సికింద్రాబాదులో స్టూడియో పెట్టి నిజాం కొలువులో పేరు తెచ్చుకున్న దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, కెమెరా సొంతంగా పట్టుకున్నారు. అంత మనిషికి దారి దానంతట అదే దొరికింది. మా అమ్మాయిలాంటి పిల్లలకి కూచుని మాట్లాడేవాళ్లు కావాలి.

మాట్లాడటం అన్నాను కదా, ఆ కాలేజీలో అసలు చదువంతా అక్కడే ఉంది. పిల్లలు దాన్ని క్రిట్ అంటారు. నెలకోసారి తీసినవి గోడకి పెట్టి పక్కన నిలబడాలి. తీసినవాళ్లు ముందు నోరెత్తకూడదు. మిగతా పిల్లలు తమకి ఏం కనబడిందో చెప్తారు, ఆ తర్వాత టీచర్లు అడుగుతారు: ఎందుకింత దగ్గరగా వెళ్లావు, ఈ మనిషి నిన్ను చూశాడా, ఈ ఇరవైలో పన్నెండు తీసేస్తే ఏం పోతుంది? మొదటి క్రిట్ అయ్యాక మా పిల్ల ఇంటికొచ్చి అన్నం తినలేదు. మెరీనాలో బెలూన్లమ్మే పిల్లల్ని తీసింది, అందంగా ఉన్నాయి, నేనైతే ప్రింటు వేసి షాపు అద్దంలో పెట్టేవాణ్ణి. ఆ పిల్లల పేర్లేమిటని అడిగారట, ఒక్కటీ తెలియదు. తర్వాతి ఆదివారం మళ్లీ మెరీనాకి వెళ్లి సాయంత్రం దాకా కూచుంది, కెమెరా సంచిలోంచి తియ్యలేదు.

ఇక వీడియో ఆర్ట్. 1987 నుంచి పెళ్లి వీడియోలు తీశాను. ఒక పెళ్లికి మూడు గంటల క్యాసెట్లు నాలుగు, ముహూర్తం దగ్గర లైటు బాయ్ చెయ్యి వణికితే తిట్లు, తర్వాత పాటలు పెట్టి మిక్సింగ్. అందుకని వీడియో అంటే నాకు తెలుసనుకున్నాను. ఇది వేరు. చీకటి చేసిన గదిలో గోడ మీద బొమ్మ నడుస్తూ ఉంటుంది. టిక్కెట్టు లేదు, ఇంటర్వెల్ లేదు, మొదలెక్కడో చివరెక్కడో తెలియదు. వచ్చినవాళ్లు నిలబడి చూసినంతసేపు చూసి వెళ్తారు. 1960ల్లో చేత్తో మోసే వీడియో కెమెరాలు బజార్లోకి వచ్చాక నామ్ జూన్ పైక్ లాంటి కళాకారులు దీన్ని మొదలుపెట్టారని, మన దేశంలో 1990ల్లో నళినీ మలానీ, వివాన్ సుందరం వంటివాళ్లు చేశారని మా అమ్మాయే చెప్పింది. అంతకుముందు ఒకసారి, తను పదో తరగతిలో ఉండగా 2019లో, చెన్నై ఫోటో బియెనాలె అనే పెద్ద ఫోటో ప్రదర్శన చూపించడానికి మెరీనా ఎదుటి సెనేట్ హౌస్‌కి తీసుకెళ్లాను. ఆ ఏడాది బియెనాలెని బెంగళూరు కళాకారిణి పుష్పమాల గారు కూర్చారు. ఆవిడ పాత బొమ్మల్లోని ఆడవాళ్ల వేషాలు తానే కట్టి, వెనక స్టూడియో పరదాల్లాంటి పరదాలు పెట్టించి ఫోటోలు దిగుతారని తర్వాత తెలిసింది. నా స్టూడియోలో కూడా అలాంటి పరదా ఒకటి ఉంది, మెట్లూ పూలకుండీ చంద్రుడూ గీసింది. చుట్టి అటక మీద పడేశాను. దాన్ని మా పిల్ల కిందికి దించి దులిపింది.

అటక మీద ఇంకోటి కూడా దొరికింది. పెద్ద రేకు పెట్టె, నిండా కవర్లు.

ప్రతి స్టూడియోలోనూ ఇలాంటి పెట్టె ఒకటుంటుంది. అడ్వాన్సు ఇచ్చి ఫోటో దిగి, మళ్లీ రానివాళ్ల కవర్లు. మా గురువుగారు 1990లో స్టూడియో మూసేస్తూ తన పెట్టె నా చేతిలో పెట్టి, "ఎవరైనా అడిగితే ఇవ్వు, పారెయ్యకు" అన్నారు. దానికి నా స్టూడియో కవర్లు కలిశాయి. మొత్తం 212. ఎక్కువ మన తెలుగువాళ్లవే. సినిమా కంపెనీలు ఒక్కొక్కటీ హైదరాబాదు తరలిపోతున్న రోజులవి. వాటితో పాటు లైట్‌మెన్లు, డాన్సర్లు, మేకప్ అసిస్టెంట్లు, జూనియర్ ఆర్టిస్టులు ఇళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఈ నెల బాకీ తీర్చి తీసుకుందాం అనుకున్న ఫోటోలు ఇక్కడే ఉండిపోయాయి. కవరు మీద బిల్లు నంబరు, తేదీ, అడ్వాన్సు ఎంత, బాకీ ఎంత, కింద నా పెన్సిల్ రాతతో రీటచింగ్ వివరాలు. లోపల కేబినెట్ సైజు ప్రింట్లు మూడు, నెగటివ్ ఒకటి.

మూడో ఏడాది ప్రాజెక్టుకి మా అమ్మాయి ఆ పెట్టెనే తీసుకుంది. బల్ల పైన కెమెరా కిందికి తిప్పి బిగించింది. నన్ను కూచోబెట్టి ఒక్కో కవరూ తెరిచి, ఫోటో బయటికి తీసి, ఆ మనిషి గురించి గుర్తున్నది చెప్పమంది. గుర్తు లేకపోతే మాట్లాడకుండా పట్టుకుని ఉండమంది. ఫ్యాన్ చప్పుడు, బయట ఆటోల చప్పుడు అలాగే ఉంచింది. 35 నిమిషాలు వచ్చింది. ఇంట్లో టీవీలో పెట్టి చూసుకుని మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. క్రిట్‌కి నన్నూ రమ్మన్నారు.

అంతా చూశాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు వాళ్ల మేడం, తమిళావిడ, నెమ్మదిగా అడిగారు: ఈ ఆడవాళ్లు పని కోసం ఈ ఫోటోలు దిగారు, డబ్బు కట్టలేక తీసుకెళ్లలేదు, ఇప్పుడు వాళ్ల ముఖాలు పదడుగుల గోడ మీద వేశావు, ఎవర్నడిగి వేశావు? నాకు కోపమొచ్చింది. నా పెట్టె, నా స్టూడియో, నేను తీసిన ఫోటోలు. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. మా పిల్ల తల దించుకుంది. కాంచీపురం నుంచి వచ్చే అబ్బాయి ఒకడు, "కవర్లు తెరవకుండా చూపిస్తే?" అన్నాడు.

వారం రోజులు ఆ మాటే తిరిగింది ఇంట్లో. తర్వాత మళ్లీ తీసింది. ఈసారి ఏ కవరూ తెరవలేదు. నా చేతులు ఒక్కో కవరు బల్ల మీద పెడతాయి, పేరున్న చోట నా బొటనవేలు ఉంటుంది. కనబడేది తేదీ, బాకీ, నా పెన్సిల్ రాత. "కళ్ల కింద నలుపు తియ్యాలి." "మెడ సన్నం." "గెడ్డం మచ్చ." "తెల్లగా చెయ్యాలి." "తెల్లగా చెయ్యాలి." "తెల్లగా చెయ్యాలి." అలా వరసగా చూస్తుంటే నాకే ఊపిరాడలేదు. ఒక్కొక్కటిగా రాసినప్పుడు అది పని. పక్కపక్కన పెడితే అదేమిటో నాకింకా పేరు తెలియదు. అది 19 నిమిషాలుంది, తిరుగుతూనే ఉంటుంది. పక్కన గోడకి తన మాట తెలుగులో రాసి పెట్టింది, కింద తమిళంలోనూ ఇంగ్లీషులోనూ. ముందు తెలుగులో ఆలోచించు, తర్వాత మార్చుకుందువు అని ఆ మేడమే చెప్పారట.

తీయడంతో ఆగలేదు. కవర్ల మీద ఉన్న చిరునామాలు పట్టుకుని నాతో పాటు తిరిగింది. చాలా ఇళ్లు అపార్ట్‌మెంట్లయిపోయాయి. నాలుగు నెలల్లో తొమ్మిది కుటుంబాలు దొరికాయి. ఒకావిడ మాత్రం వడపళనిలోనే ఉన్నారు, హైదరాబాదు వెళ్లలేదు. 1983లో రాజమండ్రి నుంచి వచ్చి గ్రూప్ డాన్సర్‌గా చేశారు, ఇప్పుడు మనవరాల్ని స్కూలుకి పంపించి మధ్యాహ్నాలు పచ్చళ్లు పెట్టి అమ్ముతారు. బాకీ 35 రూపాయలున్న కవరు ఆవిడది. చేతులు కొంగుకి తుడుచుకుని తీసుకున్నారు. తెరవకుండా ముందు కవరు మీద రాసింది చదివారు.

"తెల్లగా చెయ్యాలి అని ఎవరు రాశారు బాబూ?"

"నేనేనమ్మా."

"నేను అడగలేదే."

నలభై ఏళ్లకి పైగా ఈ పని చేశాను, అలా అడిగినవాళ్లు లేరు. అప్పట్లో కంపెనీవాళ్లకి అలా ఉంటేనే నచ్చేది, మీ మంచికే చేశాను అని చెప్పబోయాను. ఆవిడ ఫోటో తీసి చూసుకుంటున్నారు, మాట రాలేదు. చాలాసేపు చూశాక, "బావుంది. కానీ ఇది నా రంగు కాదు. మళ్లీ వెయ్యడానికవుతుందా?" అన్నారు.

అవుతుంది. టూ హెచ్ పెన్సిల్ గీత ఫిల్ము లోపలికి దిగదు, పైన రాసిన జిడ్డు మందుని పట్టుకుని ఉంటుంది. టర్పెంటైన్‌లో దూదిని ముంచి, పిండి, నెగటివ్ మీద మెల్లిగా తిప్పితే ఆ పొరతో పాటు పెన్సిలూ వచ్చేస్తుంది. నా డార్క్‌రూమ్ లేదు కాబట్టి మా పిల్ల కాలేజీలో అనుమతి తీసుకుని అక్కడికే వెళ్లాం. మూడుసార్లు దూది మార్చాను. మూడోసారి దూది తెల్లగానే వచ్చింది. నెగటివ్‌ని పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్‌లార్జర్ దగ్గర మా అమ్మాయి నిలబడింది, ట్రేల దగ్గర నేను. ఎర్ర లైటు కింద తెల్ల కాగితం మీద ముందు జడ, తర్వాత కళ్లు, తర్వాత చెంపలు తేలాయి. ఆ ముఖాన్ని 1984లో నేనే తీశాను, కానీ అసలు ఎలా ఉందో ఆ రోజే చూశాను.

ఇప్పుడు మీ మూడు లైన్ల దగ్గరికి వస్తాను. ఫోన్లోనే అన్నీ వస్తున్నాయన్నారు. ఫోన్లో బ్యూటీ మోడ్ అని ఒకటుంటుంది, కొన్ని ఫోన్లు కొన్న రోజునుంచే అది ఆన్‌లో పెట్టుకుని వస్తాయి. అది చేసేది నా పెన్సిల్ పనే. మచ్చ తీస్తుంది, ముఖం సన్నం చేస్తుంది, రంగు తగ్గిస్తుంది, ఎవర్నీ అడగదు. నేను రోజుకి పది ముఖాలు దిద్దితే గొప్ప, అది ఇప్పుడు ప్రతి ఇంట్లో ప్రతి పిల్ల ముఖం దిద్దుతోంది. ఇలాంటి రోజుల్లో "నేను అడగలేదే" అనే మాట ముందుగా వినబడే చెవి ఉన్న పిల్లలు మనకి ఎక్కువమంది కావాలి. అది ఆరు నెలల్లో రాదు. నాకు నలభై ఏళ్లలో రాలేదు, మా పిల్లకి ఆ క్రిట్ గదిలో వచ్చింది.

పిల్లల్ని చేర్పించే తల్లిదండ్రులకి నేను చెప్పేది ఒకటే. బ్రోచరు చూడకండి, వెళ్లి గదులు చూడండి. డార్క్‌రూమ్ ఉంటే సింకు తడిగా ఉందో లేదో చూడండి. గోడల మీద పిల్లల పని ఉందా, పాఠం చెప్పేవాళ్లు తమ పని ఎక్కడైనా ప్రదర్శిస్తున్నారా, కెమెరా లేని పిల్లకి కాలేజీ కెమెరా ఇంటికిస్తారా, పిల్లలు తీసిన వాటిమీద హక్కు ఎవరిది అని అడగండి. ఫీజు కాక ప్రింట్లకి బోలెడు అవుతుంది. పెద్ద ప్రింటు ఒక్కోటి నాకు 2,000 దాకా పడింది, అది ముందే లెక్కేసుకోండి. హైదరాబాదు మాసబ్ ట్యాంకులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో (జె.ఎన్.ఎ.ఎఫ్.ఎ.యు.) ఫోటోగ్రఫీలో నాలుగేళ్ల బి.ఎఫ్.ఎ., అంటే లలిత కళల డిగ్రీ, ఉంది, ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఈ సంగతి మీ రెండు పేజీల్లో పడి ఉంటే ఎంతమందికో ఉపయోగపడేది. ఉద్యోగాల సంగతంటారా, అందరూ ఆర్టిస్టులు కారు. మా పిల్ల సీనియర్లలో ఒకమ్మాయి బట్టల కంపెనీకి ఫోటోలు తీస్తోంది, ఒకతను పత్రికలో చేరాడు, ఇద్దరు నాలాగే పెళ్లిళ్లు చేస్తున్నారు. బెంగళూరు కస్తూర్బా రోడ్డులో 2023లో తెరిచిన మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫోటోగ్రఫీలాంటి చోట్ల పాత ఫోటోలని భద్రపరిచే పని తెలిసినవాళ్లు కావాలి.

ఆ పాత ఫోటోల పని మీద నాదొక విన్నపం. పాండిచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు బ్రిటిష్ లైబ్రరీ సాయంతో తమిళ స్టూడియోల పాత ఫోటోలు, నెగటివ్‌లు వెతికి డిజిటైజ్ చేశారు. మన తెలుగు ఊళ్లలో, తెనాలిలో, రాజమండ్రిలో, నెల్లూరులో, ఈ మద్రాసులో మూతబడ్డ తెలుగు స్టూడియోల్లో ఎన్ని రేకు పెట్టెలున్నాయో. జిలాటిన్‌కి బూజు పడుతుంది, పాత ఫిల్ము ముడుచుకుని వెనిగర్ వాసన కొడుతుంది, ఇంకో పదేళ్లాగితే చాలావాటిలో ముఖాలుండవు. ఫోటోగ్రఫీ చదివే పిల్లలకి సెలవుల్లో ఈ పని అప్పగించమని మన విశ్వవిద్యాలయాలకి మీ పత్రిక ద్వారా చెప్పండి. వాళ్లయితే మనుషుల్ని అడిగి చేస్తారు.

చివరగా మీ పాఠకులకి. 1976 నుంచి 1998 మధ్యలో వడపళనిలోనో సాలిగ్రామంలోనో స్టూడియోలో ఫోటో దిగి, తీసుకోకుండా ఊరు మారినవాళ్లు మీలో ఉంటే, మీ ఇంట్లో అమ్మమ్మలో నాయనమ్మలో ఉంటే, నా దగ్గర ఇంకా 203 కవర్లున్నాయి. నా చిరునామా మీ కార్యాలయంలో ఇచ్చాను, అడిగితే చెప్తారు. రోజూ సాయంత్రం ఐదు తర్వాత స్టూడియోలో ఉంటాను. బాకీ కట్టక్కర్లేదు. రసీదు లేకపోయినా ఫర్వాలేదు. పెన్సిల్ తీసేసి మళ్లీ వెయ్యమంటే రెండు వారాలు టైమివ్వండి, కాలేజీ డార్క్‌రూమ్ మాకు శనివారాలే ఇస్తారు.

ఇట్లు,
ఒక స్టూడియో ఫోటోగ్రాఫర్,
సాలిగ్రామం, చెన్నై